మూడు జీన్లు, ఒక పంచె

స్వరాజ్యానికి ఒక జబ్బుంది. కంటికి కనిపించిన బట్టనల్లా వేళ్ళతో నలిపి చూడకపోతే ఆమెకు అన్నం సయించదు. బస్సులో పక్కన కూర్చున్నావిడ కొంగు, బ్యాంకు కిటికీకి వేలాడే పరదా, పెళ్ళిలో పంతులుగారి కండువా, అన్నీ ఆమె బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒకసారి నలగాల్సిందే. కిందటేడు చౌరస్తాలో ట్రాఫిక్ పోలీసాయన చొక్కా మడత కూడా పట్టుకుంది. ఆయన గుడ్లురిమితే, దీంట్లో పాలిస్టరు ఎక్కువ సాబ్, ఎండలో ఉడికిపోతారు అని హిందీలో సలహా చెప్పి మరీ రోడ్డు దాటింది. ఆయన అడిగాడా? అడగలేదు. అయినా చెప్పింది.

ఉత్త పిచ్చి అని నవ్వకండి. ఇరవై రెండేళ్ళుగా ఆ వేళ్ళే ఆ ఇంటికి అన్నం పెడుతున్నాయి. సిరిసిల్ల నుంచి పెళ్ళి చేసుకుని సూరత్ వచ్చి, గోడాదరాలో రెండు గదుల ఇంట్లో కాపురం పెట్టిన స్వరాజ్యం, ఊరి శివార్లలో సచిన్ అనే చోట ఒక బట్టల కార్ఖానాలో చెకింగ్ పని చేస్తుంది. మగ్గాల నుంచి దిగిన తెల్ల బట్ట తానులు తానులుగా ఆమె ముందుకు వస్తుంది. అద్దం బల్ల, దాని కింద ట్యూబులైటు. బట్టను తన వైపుకు లాక్కుంటూ పోతుంది. మచ్చ కనిపిస్తే ఆగి సుద్దతో గీత పెడుతుంది. మచ్చ ఉంటే సెకండ్, లేకపోతే ఫ్రెష్. నాలుగైదు మచ్చలు చూసిందంటే, ఏ మగ్గంలో ఏ చక్రం నూనె కక్కుతోందో కూర్చున్న చోటి నుంచే చెప్పేస్తుంది. మొదట్లో మగ్గాలు బాగుచేసే మిస్త్రీలు నవ్వేవాళ్ళు. వెళ్ళి మగ్గం విప్పి చూసి నోళ్ళు మూసుకున్నారు. ఆమె భర్త నరహరి కూడా మగ్గాల మిస్త్రీయే, అయితే వేరే కార్ఖానాలో. అది తన పూర్వజన్మ పుణ్యమని ఆయన అంటుంటాడు.

ఇంత తెలిసిన మనిషికి తన కూతురు చేసే పని మాత్రం ఒక్క ముక్క తెలియదు. సింధూజ గుర్రాలు తోలుతుంది. అంటే బండికి కట్టి తోలడం కాదు, డుమస్ రోడ్డులో ఒక గుర్రపు స్వారీ బడి ఉంది, అక్కడ పొద్దున పిల్లలకు నేర్పుతుంది, సాయంత్రం తను గుర్రమెక్కి అడ్డకట్టెల మీద నుంచి దూకిస్తుంది. పదేళ్ళప్పుడు ఆదివారం సముద్రం చూద్దామని తీసుకెళ్తే, పిల్లలందరూ టమాటా భజియాల బండి వైపు ఉరికారు, ఇది తీరం మీద తిప్పే గుర్రం వైపు ఉరికింది. అంతే, ఆ ఉరుకు ఇవాళ్టిదాకా ఆగలేదు. బి.కాం. పాసైనా ఆగలేదు. ఆడపిల్లకు గుర్రాలేంది అని చుట్టాలు ముక్కున వేలేసుకున్నారు. స్వరాజ్యం వేలేసుకోలేదు, ప్రశ్నలేసింది. గుర్రం పండుకుంటదా, నిలబడే నిద్రపోతదా? దాని తోలు మందమెంత? ఎండకు దానికీ మనలెక్కనే చెమట పడతదా? సింధూజ అన్నిటికీ ఓపికగా జవాబు చెప్పేది.

మార్చి నెల మొదట్లో ఒక సాయంత్రం మాత్రం ఆ పిల్ల అన్నం ముందు కూర్చుని పప్పులో వేలుపెట్టి గీతలు గీస్తూ ఉండిపోయింది.

"ఏమైందే?" అంది స్వరాజ్యం.

"భూరాను పంపిస్తరట."

భూరా అంటే సింధూజ ఎక్కే గుర్రం. ముదురు గోధుమ రంగు. ఒకప్పుడు పెళ్ళి ఊరేగింపుల్లో బగ్గీ లాగేది. బ్యాండు మోతకూ బాణసంచాకూ బెదిరి చెమటలు కక్కుతుంటే, స్వారీ బడి యజమాని హస్ముఖ్‌భాయ్ చౌకగా కొన్నాడు. దాన్ని రెండేళ్ళు బతిమాలి, బుజ్జగించి, బెల్లం పెట్టి దూకడం నేర్పింది సింధూజే. మూడున్నర అడుగుల కట్టెను కూడా అలవోకగా దాటేది. రెండు నెలలుగా ఏం పుట్టిందో ఏమో, కట్టె దాకా ఉరికి, కాళ్ళు తన్నిపెట్టి నిలబడిపోతోంది. జీను వేయబోతే చెవులు వెనక్కి పెట్టి కరవబోతోంది.

"సేఠ్ ఏమంటడు?"

"మొండికేసింది అంటడు. నేను జీను గుచ్చుతున్నదేమో అన్న. ఇప్పుడేసేది సన్న గుర్రాల జీను, భూరాకు భుజాలు వెడల్పు గద. పాపం, మూడు పాత జీన్లు తెప్పించిండు. వడోదరల ఒక క్లబ్బు మూసేసిన్రు, ఆడికెళ్లి. ఒకటి ఉంచుకుని రెండు వాపస్ పంపాలె. ఆదివారం పొద్దుగాల ఆయన ముందట భూరా మూడు కట్టెలు దాటాలె. దాటకుంటే మళ్ళ బగ్గీవాళ్ళకే ఇచ్చేస్తడట."

అంత మాట చెప్పి సింధూజ లేచి చెయ్యి కడుక్కుంది. కంచంలో అన్నం అట్లాగే ఉంది. స్వరాజ్యం బుర్ర మాత్రం వేరే దారిన పోయింది.

"జీను గుచ్చుతున్నదో లేదో ఎవరన్న చూసిన్రా?"

"ఎట్ల చూస్తరమ్మా? జీను కింద ఏమైతదో కండ్లకు కనపడదు గద."

"కనపడకపోతే బట్టెయ్యి," అంది స్వరాజ్యం. "జీను కింద తెల్ల బట్టెయ్యి. గుర్రాన్ని ఉరికియ్యి. దుమ్ము, చెమట కలిసి బట్టమీద మచ్చలు పడతయి. మచ్చ చూస్తే జీను కథ నేను చెప్త."

సింధూజ తడిచేతులతోనే వెనక్కి తిరిగి చూసింది. రెండు నెలల్లో ఆ పిల్ల ముఖంలో వెలుగు రావడం అదే మొదటిసారి.

ఇక తెల్ల బట్ట ఎక్కడిది? సూరత్‌లో బట్టకు కరువా అంటారు మీరు. ఉన్నదంతా నైలాను, పాలిస్టరు! చెమట తాగమంటే జారవిడుస్తుంది. మంచి నూలు బట్ట ఆ ఇంట్లో ఒక్కటే ఉంది, నరహరి పెళ్ళి పంచె. బీరువాలో కలరా ఉండల వాసనేసుకుని ఇరవై ఐదేళ్ళుగా హాయిగా ఉంది. స్వరాజ్యం కత్తెర తీసుకుని దాన్ని మూడు ముక్కలు చేసింది.

"నేనింక బతికే ఉన్న గదనే!" అన్నాడు నరహరి గుమ్మంలో నిలబడి.

"నువ్వు బతికే ఉంటివి, అది మడత విప్పక సచ్చిపోయింది," అంది స్వరాజ్యం.

గురువారం ఆమెకు వారపు సెలవు. రెండు బస్సులు మారి తల్లీకూతుళ్ళు డుమస్ రోడ్డు చేరేసరికి ఎనిమిదైంది. భూరాను దగ్గరగా చూసి స్వరాజ్యం రెండడుగులు వెనక్కి వేసింది. ముందు నుంచి చూస్తే అది తలుపంత ఉంది. మెడ మొదట్లో, రెండు వైపులా భుజాలు దూలాల్లా పొడుచుకువచ్చాయి. భయపడ్డది అరనిమిషమే. మరుక్షణం చెయ్యి దానంతటదే వెళ్ళి గుర్రం మెడను తడిమింది. వెంట్రుక వాలుకు పోతే పట్టు, ఎదురు పోతే గోనె. ఆమెకు తెగ నచ్చింది.

జీన్లు మూడూ కర్ర దండె మీద వరసగా ఉన్నాయి. స్వరాజ్యం ఒక్కొక్కదాన్నీ బోర్లించి, దులిపి, వాసన చూసి, సందుల్లో వేలుపెట్టి చూసింది. పైన తోలే గాని లోపల కట్టె, ఇనుము కలిసిన చట్రం ఉంటుందని సింధూజ చెప్పింది. ఆ చట్రం ముందు భాగం కమాను మాదిరి ఉంటుంది, దాని రెండు కాళ్ళూ గుర్రం భుజాల వెనక దిగుతాయి. కమాను ఇరుకైతే ఆ కాళ్ళు కండలోకి దిగబడతాయి.

"దూది మెత్త పెట్టొచ్చు గద?"

"బిగుతు చెప్పుల మందం సాక్సులు తొడిగినట్టయితదమ్మా. ఇంకింత వత్తుతది."

"మరి ఈ రెక్కలు ముందుకెందుకు కోసిన్రు?"

"దూకేటప్పుడు నేను ముందుకు వంగుత, మోకాళ్ళు ముందుకు పోతయి. అందుకే దూకే జీనుకు పక్కలు గిట్ల కోస్తరు. నా బరువంత భుజాల మీదికే పోతది అప్పుడు."

మొదటి జీను నల్లగా, కొత్త కారులా మెరుస్తోంది. పైన పటారం, లోన లొటారం. భూరా వీపు మీద పెడితే పెద్దమనిషి తలమీద పసిపిల్లవాడి టోపీలా కూర్చుంది. కమాను పక్కన స్వరాజ్యం రెండు వేళ్ళు దూర్చబోతే దూరలేదు. "దీనికి బట్టెందుకు, తీసేయ్," అంది. పంచెలో ఒక ముక్క మిగిలింది, ఆ సంగతి విని నరహరి తర్వాత కొంచెం సంతోషించాడు.

రెండోది తేనె రంగు జీను. కింది దిండ్లు మెత్తగా, కుట్లు ముత్యాల్లా ఉన్నాయి. మూడోది మాత్రం చూడబుద్ధి కాదు. ముసలి తోలు, రంగు వెలిసి, కూర్చునే చోట ఒక చిరుగు. పెద్ద వెడల్పు కమాను. వీపు మీద పెడితే తొడిగిన చొక్కా వదులైనట్టు కనిపించింది. ఒక్కో జీను కింద ఒక్కో పంచె ముక్క వేసి, ఇరవై నిమిషాలు సింధూజ భూరాను మైదానం చుట్టూ దౌడు తీయించింది. మధ్యలో దాన్ని తుడిచి, నీళ్ళు పెట్టి, నీడలో తిప్పింది. తర్వాత రెండు ముక్కలనూ కంచె మీద ఆరేసింది స్వరాజ్యం. ఆమె కళ్ళజోడు పెట్టుకుని ఎదురుగా నిలబడితే స్వారీ బడి పనివాళ్ళంతా చుట్టూ చేరారు. హస్ముఖ్‌భాయ్ కూడా చాయ్ గ్లాసుతో వచ్చాడు. నవ్వడానికి డబ్బు ఖర్చవుతుందనుకునే మనిషి, ఆయన కూడా ఆసక్తిగా మెడ చాచాడు.

మూడో జీను కింది బట్ట మొత్తం మట్టి రంగు పట్టింది. ముందు నుంచి వెనకదాకా, వెన్నుపూస మీది గీత తప్ప, ఎక్కడ చూసినా చెమట మరకే. రెండో జీను బట్టకు అంచుల్లో మరకలున్నాయి గాని, ముందువైపు భుజాల దగ్గర అటొకటి ఇటొకటి అరచేయంత చోటు తెల్లగా, ఉతికి ఆరేసినట్టు ఉంది.

"భుజాల కాడ మచ్చే లేదు," అంది స్వరాజ్యం. హస్ముఖ్‌భాయ్ వైపు తిరిగి హిందీలో తీర్పు చెప్పింది. "రెండో నంబర్ ఫ్రెష్. మూడోది సెకండ్."

"పక్కా, మాసీ?"

"ఇరవై రెండేళ్ళ నుంచి చూస్తున్నాను సేఠ్. నా గీత తప్పదు."

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అన్నట్టు చెప్పింది. సింధూజ ఒకసారి మూడో జీను వైపు చూసింది. రెండు బట్టలనూ మడిచి సంచిలో పెట్టుకుంది. ఆ రాకపోకల ఖర్చుకు సార్థకత దొరికిందని స్వరాజ్యం దారిలో భజియాలు కొనిపించింది.

శుక్రవారం సాయంత్రం సింధూజ ఇంటికి వచ్చేసరికి ఎడమ భుజం మీద చొక్కా చిరిగి, జుట్టులో ఇసుక ఉంది.

"అయ్యో! ఏమైంది బిడ్డా?"

"ఏం లేదమ్మా. తేనె రంగు జీనేసి ఉరికిస్తే, రెండో కట్టె కాడ భూరా ఆగిండు. నేను మెడమీదికెళ్లి జారిన."

"దెబ్బ తాకిందా?"

"ఏం లేదంటున్న గద." చొక్కా మార్చుకుని వచ్చి గోడకు ఆనుకుని కూర్చుంది. "బగ్గీవాళ్ళకు ఫోన్ కొట్టిండు సేఠ్. ఆదివారం టెంపో తీసుకుని రమ్మన్నడు. దాటితే ఖాళీగా పోతది, లేకుంటే ఎక్కించుకుని పోతది."

స్వరాజ్యానికి ముందు కోపమొచ్చింది. ఎవరి మీద? గుర్రం మీద, జీను మీద, జీను కుట్టిన వాడి మీద, అంతా తిరిగి చివరికి తన మీద. మచ్చ లేని బట్ట తప్పెట్ల చెప్తుంది? ఇరవై రెండేళ్ళలో ఆమె ఫ్రెష్ అన్న తాను ఒక్కటీ తిరిగి రాలేదు. తను ఎక్కించి పంపిన కూతురు ఇసుకలో పడి తిరిగి వచ్చింది. శనివారమంతా చెకింగ్ బల్ల దగ్గర ఆమె చేతులు బట్టను లాగుతున్నాయి గాని, కళ్ళ ముందు ఆ రెండు తెల్లటి చోట్లే. ఎందుకు తెల్లగున్నయి? జీను అక్కడ తాకలేదా? తాకకపోతే గుర్రానికి నొప్పెందుకు? తాకితే మచ్చెందుకు పడలేదు? సిగ్గు ఒక పక్క కాలుస్తూనే ఉంది, ఆమెకు మాత్రం ఈ ప్రశ్న సిగ్గు కంటే ఎక్కువ గోకింది.

ఆదివారం మొదటి బస్సుకే బయల్దేరింది. సింధూజ వద్దన్నా వినలేదు. వాళ్ళు చేరేటప్పటికి ఇంకా ఎవరూ రాలేదు. భూరా గడ్డి నములుతోంది.

"జర పట్టుకో దీన్ని," అని, స్వరాజ్యం సంచిలోంచి రెండో జీను బట్ట తీసి, గురువారం వేసినట్టే దాని వీపు మీద పరిచింది. మరక ఉన్న చోట వేలుపెట్టి నొక్కింది. భూరా గడ్డి నములుతూనే ఉంది. ఇంకో మరక మీద నొక్కింది. తోక ఊపింది, అంతే. మెల్లగా వేళ్ళను ముందుకు జరిపి, భుజం దగ్గరి తెల్లటి చోట అదుమింది.

గుర్రం ఒళ్ళంతా జలదరించింది. చెవులు వెనక్కి వాలాయి. నమిలే నోరు ఆగిపోయింది.

స్వరాజ్యం చెయ్యి తీసేసింది. రెండో వైపుకు వెళ్ళి అక్కడి తెల్లటి చోట పెట్టింది. మళ్ళీ అదే జలదరింపు. "ఓరి నా తండ్రీ," అంది. "ఈడనే నొప్పి. మచ్చ లేని కాడనే!"

నిలబడి తన ముంజేతిని చూసుకుంది. బొటనవేలితో దాని మీద గట్టిగా వత్తి, తీసింది. వత్తిన చోట చర్మం తెల్లగా పాలిపోయి, కాసేపటికి గాని రంగు తిరిగి రాలేదు. మళ్ళీ వత్తి చూసింది. మళ్ళీ అంతే.

"చూసినవా సింధూ? గట్టిగ వత్తితే నెత్తురే ఆడ ఉంటలేదు. చెమటెట్ల వస్తది? చెమట రాకుంటే మచ్చెట్ల పడతది? మూడోదానికి అంతట మచ్చలున్నయంటే అంతట సమంగ కూసున్నట్టు. నేను ఉల్టా చదివిన!"

సింధూజ కళ్ళు పెద్దవి చేసి ఆ ముంజేతినే చూస్తోంది. స్వరాజ్యం అక్కడితో ఊరుకునే మనిషా? రెండో జీను తెమ్మని భూరా మీద వేయించింది. జీను ముందు భాగం కింద తన చెయ్యి దూర్చి, "దూకేటప్పుడు దీని కాలు ఎట్ల చాపుతదో అట్ల చాపు," అంది. సింధూజ ముందుకాలు పట్టుకుని మెల్లగా ముందుకు లాగింది. లోపల భుజం రెక్క ఎముక తలుపు తెరిచినట్టు వెనక్కి జరిగి, చట్రానికీ తనకూ మధ్య దొరికిన వేళ్ళను నలిపేసింది.

"అమ్మో, అమ్మో! వదులు!"

ఎర్రబడ్డ వేళ్ళను ఊదుకుంటూనే మూడో జీను వేయమంది. సింధూజ దాన్ని భుజం రెక్క మీదికి ఎక్కకుండా మూడు వేళ్ళు వెనక్కి జరిపి పెట్టింది. మళ్ళీ కాలు చాపింది. ఎముక వచ్చింది, వేళ్ళను తాకింది, పక్క నుంచి జారిపోయింది. నిలబడి ఉన్నప్పుడు వదులుగా కనిపించిన చోటు, కాలు చాపేసరికి సరిగ్గా నిండింది. ఇరుకు లేదు. భూరా మళ్ళీ గడ్డి నమలడం మొదలుపెట్టింది. స్వరాజ్యానికి నలిగిన వేళ్ళ నొప్పి కూడా బాగుందనిపించింది.

గేటు బయట టెంపో వచ్చి ఆగింది. వెనకే హస్ముఖ్‌భాయ్ స్కూటరు. వాళ్ళు కడుతున్న జీను చూసి ఆయన ముఖం చిట్లించాడు.

"మాసీ, మీరేగా రెండో నంబర్ అన్నారు? అందరి ముందూ చెప్పారు. ఇప్పుడిదేంటి, చిరుగుల జీను?"

పనివాళ్ళు చూస్తున్నారు, టెంపో మనిషి చూస్తున్నాడు. ఇప్పుడు చెప్పాల్సింది ఇరవై రెండేళ్ళుగా స్వరాజ్యం ఎవరి ముందూ అనని మాట. కూతురి వైపు చూసింది. సింధూజ భూరా కళ్ళెం పట్టుకుని నిలబడి ఉంది.

"నేను తప్పు చెప్పాను సేఠ్," అంది హిందీలో, గట్టిగానే. "మచ్చ చూశాను, గుర్రాన్ని చూడలేదు. ఆ తప్పు నాది, దానిది కాదు. దీంతో ఒక్కసారి దూకనివ్వండి. నిలబడిపోతే నేనే తాడు పట్టుకుని టెంపో ఎక్కిస్తాను."

హస్ముఖ్‌భాయ్ గడియారం చూసుకున్నాడు. టెంపో మనిషిని చూశాడు. "ఒక్కసారే," అన్నాడు.

సింధూజ ఎక్కింది. ఒక చుట్టు నడిపించింది, ఇంకో చుట్టు దౌడు తీయించింది. స్వరాజ్యం కంచె పట్టుకుని నిలబడింది. మొదటి కట్టె చిన్నది, భూరా దాన్ని దాటింది. రెండోది శుక్రవారం పిల్లను పడేసిన కట్టె. అది దగ్గరపడుతుంటే గుర్రం అడుగు తగ్గింది, చెవులు కొంచెం కదిలాయి. దానికీ గుర్తుంది కదా పాపం, అక్కడ నొప్పి పుడుతుందని! స్వరాజ్యం కళ్ళు మూసుకుంది. డెక్కల చప్పుడు ఆగింది. ఆగిపోయిందా? అంతలో అవతల ఇసుకలో దబ్బున దిగిన చప్పుడు. కళ్ళు తెరిచేసరికి భూరా మెడ చాచి మూడో కట్టె వైపు పరుగెడుతోంది, ఎవరూ తోలకుండానే, తన సంబరం కొద్దీ. మూడోదాన్ని అది జానెడు ఖాళీ వదిలి దాటింది.

"శభాష్!" అని అరిచింది ఎవరో కాదు, టెంపో మనిషి. హస్ముఖ్‌భాయ్ ఆయన చేతిలో దారిఖర్చు పెట్టి ఖాళీ టెంపోను పంపేశాడు. తేనె రంగు జీనునూ నల్ల జీనునూ గోనెలో కట్టమని పనివాడికి చెప్పాడు. "ఆ చిరుగు కుట్టించాలి," అని గొణిగాడు. గుర్రం ఉంటుందని ఆయన నోటితో చెప్పలేదు, చెప్పాల్సిన పనీ లేదు.

స్వరాజ్యం కళ్ళ నుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. తుడుచుకోలేదు. భూరాను కట్టేసి, నీళ్ళు పెట్టి, సింధూజ వచ్చి వేపచెట్టు నీడలో తల్లి పక్కన అరుగు మీద కూర్చుంది.

"ఒక్క మాట చెప్పాల్నా అమ్మా?"

"చెప్పు."

"గురువారం నాడు కూసున్నప్పుడే నాకు మూడోదే మంచిగనిపించింది. భూరా దాంట్ల మెడ కిందికి దించి నడిచిండు. రెండోదాంట్ల బిగుసుకునే ఉన్నడు."

స్వరాజ్యం తల తిప్పి చూసింది. "మరి అప్పుడే ఎందుకు చెప్పలే?"

"నువ్వు ఫ్రెష్ అంటివి. అందరి ముందట, గట్టిగ. నువ్వు అంత గట్టిగ అన్నంక నేనేం చెప్త?"

దానిలో నిష్ఠూరం లేదు. అన్నం ఉడికిందని చెప్పినంత మామూలుగా చెప్పింది. స్వరాజ్యానికి మాత్రం ఆ మాట భుజం రెక్కకూ చట్రానికీ మధ్య వేళ్ళు ఇరుక్కున్న దానికన్నా ఎక్కువ నొప్పెట్టింది. చెయ్యి అలవాటు కొద్దీ కూతురి భుజం మీదికి వెళ్ళింది. ఎడమ భుజం. సింధూజ ఒళ్ళు జలదరించింది.

"శుక్రవారం సంది గిట్లనే ఉన్నదా?"

"ఊఁ."

"ఇంకేమేం చెప్పలే నాకు?"

సింధూజ బూటు కొనతో నేల మీద ఒక గీత గీసి, "మస్తున్నయి," అంది.

స్వరాజ్యం చెయ్యి వెనక్కి తీసుకుని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది.

"చెప్పు బిడ్డా. బస్సుకు ఇంకా గంట ఉన్నది. నేనేమనను."